పేరు తీయని నేస్తం

మా అమ్మకి కొండల్లో ఒక నేస్తం ఉండేది.

నేస్తం అంటే స్నేహితురాలని చదువుకున్నవాళ్లు చటుక్కున అర్థం చెప్పేస్తారు. అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. స్నేహితురాలు బస్సులో పక్క సీట్లో కూర్చున్నా దొరుకుతుంది, రెండు ఊళ్లు దాటాక దిగిపోతుంది. మా వైపు నేస్తం కట్టుకుంటారు. ఒకరికొకరు బొట్టు పెట్టుకుని, చీరలు మార్చుకుని, ఒకే విస్తట్లో ఇద్దరూ తిని, నలుగురి ముందు ఒప్పుకుంటారు. ఆ రోజు నుంచి బతికినంతకాలం ఒకరి పేరు ఒకరు తీయకూడదు. పిలిచినా నేస్తమే, తిట్టినా నేస్తమే, వేరేవాళ్లకి చెప్పుకున్నా 'మా నేస్తం' అనే. కొండల అవతల ఒడియా ఊళ్లలో కూడా ఇదే పద్ధతి, మాట ఒక్కటే వేరు. పేరెందుకు తీయకూడదని నేనెప్పుడూ అడగలేదు. మొగుడి పేరు పెళ్లాం తీయనట్టు ఇదీ ఒక మర్యాద కాబోలు అనుకున్నాను. గట్టు తగాదాలో అన్నదమ్ములు తలలు బద్దలు కొట్టుకోవడం చూశాను గానీ, నేస్తం కట్టుకున్నవాళ్లు విడిపోవడం మా ఊళ్లో చూడలేదు. మా అమ్మ ఒక్కర్తే విడిపోయింది. అది నా వల్ల జరిగింది.

నేను బస్సు కండక్టర్ని. పలాసలో మొదలుపెడితే టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి దాకా నా రూటు. నోరు పెద్దదని డిపోలో నాకు పేరు. నోరు లేకపోతే ఆడది ఈ ఉద్యోగంలో ఎన్నాళ్లు నిలబడుతుంది? పొద్దున్న పలాసలో ఎక్కేవాళ్ల బట్టలనిండా జీడిపిక్కలు కాల్చిన పొగ వాసన. జీడి ఒలిచే ఆడవాళ్లు టికెట్టు అందుకోవడానికి కూడా సిగ్గుపడతారు, వేళ్లు అంత నల్లగా, తోలు ఊడిపోయి ఉంటాయి. టెక్కలిలో కాలేజీ పిల్లలు ఎక్కి గోల గోల. టెక్కలి దాటాక కొండలు దగ్గరపడతాయి. మహేంద్రగిరి కనబడని రోజు వాన ఖాయమని మా డ్రైవరు అంటాడు, అది చాలాసార్లు తప్పుతుంది. పాతపట్నం వచ్చేసరికి బస్సులో రెండు భాషలు కలిసిపోతాయి. ఒకావిడ పిల్లని ఒడియాలో బతిమాలుతుంది, మాట వినకపోతే తెలుగులో తిడుతుంది. ఏరు దాటితే కొట్ల మీద బోర్డుల్లో అక్షరాలు మారతాయి. మనుషుల మొహాలు మారవు. పద్దెనిమిదేళ్లుగా అటూ ఇటూ తిరుగుతున్నాను, ఇప్పటికీ ఫలానా చోట ఆంధ్రా అయిపోయిందని వేలు పెట్టి చూపించలేను. కానీ ఒకసారి నా బస్సెక్కిన మొహాన్ని జన్మలో మర్చిపోనని అందరి దగ్గరా గొప్పలు చెప్పుకునేదాన్ని.

మాది అక్కుపల్లి పక్కన సముద్రం ఒడ్డు ఊరు. నాన్న వేటకి వెళ్లేవాడు. అమ్మ చేపలు ఎండబెట్టి, గంపకెత్తుకుని, మందస అవతల కొండ కింద జరిగే సంతకి వెళ్లేది. కొండవాళ్లు అక్కడికి పసుపు, చింతపండు, చీపుర్లు తెచ్చేవాళ్లు. ఒక సంత నాడు చెప్పాపెట్టకుండా వాన కొట్టింది. ఎండుచేప తడిస్తే ఇంకేముంది, పెంట మీద పోయడమే. అమ్మ గంప మీద బోర్లా పడి ఏడుస్తుంటే, పక్కన పసుపు పెట్టుకుని కూర్చున్న సవర ఆడమనిషి తన ఆకుల గొడుగు తీసి అమ్మ గంప మీద కప్పేసింది. ఆవిడా తడిసింది, ఆవిడ పసుపూ తడిసింది. "పసుపుదేటి, తడిత్తే మళ్లీ ఎండుద్ది. సేప తడిత్తే సచ్చిందే మళ్లీ సత్తాది" అందట ఆవిడ. అమ్మ ఏడుస్తూ ఏడుస్తూ నవ్వేసిందట. ఈ కథ అమ్మ మాకు వెయ్యిసార్లు చెప్పింది. ఆ వచ్చిన శివరాత్రికి ఇద్దరూ మహేంద్రగిరి ఎక్కి, అటు ఒరిస్సా జనం, ఇటు మన జనం చూస్తుండగా నేస్తం కట్టుకున్నారు. మేం పిల్లలం ఆవిణ్ని కొండ పిన్ని అనేవాళ్లం.

పిన్ని మొదటిసారి మా ఊరు వచ్చినప్పుడు నాకు ఆరేళ్లో ఏడేళ్లో. అప్పటిదాకా సముద్రం చూడలేదావిడ. ఒడ్డున చాలాసేపు నోరు తెరుచుకుని నిలబడి, "ఓలమ్మో, ఇన్ని నీలెట్టుకుని మీరు వాన కోసం సూత్తారేటి?" అంది. దోసిలితో పట్టి నోట్లో పోసుకుంది. పోసుకున్నది పోసుకున్నట్టే ఉమ్మేసి, "ఎవులే ఇంత ఉప్పోసీసినారు?" అని అమ్మ మీద కోప్పడింది, అదేదో అమ్మ చేసిన వంట అయినట్టు. వేటకెళ్లొచ్చిన మగవాళ్లంతా పడీ పడీ నవ్వారు. ఆవిడకి మా ఇంట్లో నిద్ర పట్టేది కాదు. "ఈ ముసల్ది రేయంతా దగ్గుతానే ఉంటాదేటి?" అని సముద్రం మీద ఫిర్యాదు.

తర్వాత ఏడు అమ్మ నన్ను వాళ్ల ఊరు తీసుకెళ్లింది. సంత నుంచి కొండ దారి పట్టుకుని పొద్దల్లా నడిచాం. దారిపొడుగునా పనసచెట్లు, మధ్య మధ్య సన్నటి గెడ్డలు. చల్లటి నీళ్లలో కాళ్లు పెడితే మళ్లీ తీయబుద్ధి కాలేదు. వాళ్ల ఇళ్లు ఎర్రమట్టి పూసి, వరసగా ఒకే చూరు కింద ఉండేవి, ఎవరింటి అరుగు ఎక్కడ అయిపోయిందో తెలిసేది కాదు. పిన్ని రాగి అంబలి పోసింది. మా అమ్మ తెచ్చిన ఎండుచేపలు ఊరు ఊరంతా తలా ఒకటి పంచుకున్నారు. తెల్లారాక పిన్ని నన్ను ఎత్తుకుని, కొండ అంచున ఒక బండ మీద నిలబెట్టి, "అదిగో, సూడు గుంటా, మీ ఊరు" అంది. దూరంగా, నేల అయిపోయిన చోట, సన్నటి తెల్లని దారప్పోగులాగ మా సముద్రం. "రోజూ తెల్లారి నెగ్గానే ఈడకొచ్చి మీయమ్మని సూసుకుంటాను" అంది. అమ్మకి మాత్రం అక్కడ నిద్ర లేదు. సముద్రం చప్పుడు లేకపోతే చెవుల్లో దూది కూరినట్టుందని ఒకటే సణుగుడు. అంత సంతోషంగా సణగడం మళ్లీ నేను వినలేదు.

నా పెళ్లి నా ఇరవయ్యో ఏట జరిగింది. పెళ్లివారిది సోంపేట వైపు, ఆ ఇంట్లో ఇద్దరు ఉద్యోగస్తులు. మా ఇంట్లో చేపల వాసన రాకూడదని వారం ముందు నుంచి వాకిలంతా పసుపునీళ్లు చల్లించాను నేను. కళ్లు అలా నెత్తికెక్కి ఉన్నాయి. పెళ్లి రోజు పిన్ని కొండ దిగి వచ్చింది. నెత్తి మీద పనసకాయ, చంకలో పసుపు మూట, మోకాళ్ల పైకి కట్టిన చీర, ముక్కుకి మూడు పోగులు, నుదుట పచ్చబొట్టు. తిన్నగా పందిట్లోకి వచ్చి అమ్మ పక్కన చాప మీద కూర్చుంది. అక్కడ కూర్చునే హక్కు ఆవిడకి నా కంటే ముందే వచ్చింది. పెళ్లివారి ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా ప్రాణం చచ్చిపోయింది. అమ్మని పిలిచి, "ఆవిణ్ని పెరట్లో కూకోబెట్టమ్మా" అన్నాను. చెవిలోనే అన్నాననుకున్నాను. నా నోటి సంగతి ముందే చెప్పాను కదా. పిన్ని వింది. తన విస్తరాకు తనే తీసుకుని, నా వైపు చూసి నవ్వి, పెరట్లోకి వెళ్లి కూర్చుని తింది. మర్నాడు తెల్లారేసరికి ఆవిడ లేదు.

అమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఆ యెనకే నానూ పెరట్లోకి ఎల్లుండాల్సింది" అంది, అంతే. ఆ తర్వాత ప్రతి సంతకీ గంప ఎత్తుకుని వెళ్లి, పిన్ని కూర్చునే చోటు పక్కనే కూర్చుని, సాయంత్రం దాకా చూసి వచ్చేది. మూడేళ్లు అలా వెళ్లింది. ఒక ఏడు కొండ ఎక్కింది కూడా. ఆ ఊళ్లో సగం ఇళ్లకి కప్పులు లేవట. కొందరు ఒరిస్సా వైపు రోడ్డు పక్కకి దిగిపోయారని, కొందరు కూలి పనులకి దేశాలు పట్టిపోయారని ఒక ముసలాయన చెప్పాడట. తర్వాత ఎండుచేపలకి వ్యాన్లు వచ్చాయి, సంత పలచబడింది, అమ్మ మోకాళ్లు అరిగిపోయాయి. నాన్న పోయాడు. పెద్ద తుఫాను వచ్చి మా ఉద్దానం తోటల్లో కొబ్బరిచెట్ల తలలు తెంపి పడేసింది. ఇరవై ఎనిమిదేళ్లలో ఎన్ని జరగాలో అన్నీ జరిగాయి. పిన్ని మాత్రం రాలేదు.

పోయినేడు అమ్మకి మా ఉద్దానంలో అందరికీ వచ్చే కిడ్నీ జబ్బే వచ్చింది. ఒంట్లో నీరు చేరడం, రక్తం కడిగించుకోవడం, వాంతులు, మళ్లీ కడిగించుకోవడం. మా ఊళ్లో దాని గురించి ఎవరూ ఆశ్చర్యపోరు, 'నీకూనా' అంటారు, అంతే. చివరికి టెక్కలిలో ఒక ఆసుపత్రిలో చేర్పించాను. రెండు రోజులు చూసి డాక్టరు నన్ను పక్కకి పిలిచి, రావాల్సినవాళ్లు ఎవరైనా ఉంటే బేగి రప్పించుకోమన్నాడు. గుజరాత్‌లో బోట్ల మీద పనిచేసే మా అన్నకి ఫోను చేశాను. అమ్మ దగ్గరికి వెళ్లి, ఎవరినైనా చూడాలని ఉందా అని అడిగాను.

"నేస్తాన్ని సూడాల" అంది అమ్మ.

అన్నని కాదు, మనవల్ని కాదు. "ఆవిడ పేరేటమ్మా?" అని అడిగాను. అమ్మ మొహం తిప్పేసుకుంది.

"నేస్తం పేరు తీత్తారేటే, బుద్ధి నేని గుంటా."

"పేరు సెప్పకపోతే ఎక్కడని ఎతకను? ఆధార్ కార్డులో నేస్తం అని రాసుంటాదేటి?" అని అరిచాను. చావుబతుకుల్లో ఉన్న మనిషి మీద అరిచాను. పక్క మంచం వాళ్లు చూస్తున్నారు. అమ్మ కళ్లు మూసుకుని పెదాలు బిగించేసింది. కావాలంటే ఊరి పేరు అడుగు, మనిషి పేరు మాత్రం నా నోట రాదు అన్నట్టు. ఊరి పేరు నాకూ తెలుసు. ఆ ఊరే లేదు కదా ఇప్పుడు.

ఇంక నా చేతిలో ఉన్నది నా బస్సు ఒక్కటే. సెలవులో ఉన్నా డిపోకి ఫోన్లు చేశాను. నా రూటులో తిరిగే కండక్టర్లకి, పాతపట్నం బస్టాండులో కంట్రోలరుకి, అవతల ఒడియా బస్సుల వాళ్లకి, చీపుర్లు మోసుకొచ్చే ఆడవాళ్లకి టీ ఇచ్చే ముసలమ్మకి ఒకటే కబురు: సముద్రం ఒడ్డు ఎండుచేపలావిడ టెక్కలి ఆసుపత్రిలో ఆఖరి దశలో ఉంది, ఆవిడ నేస్తం ఎక్కడున్నా రమ్మనండి. ఆసుపత్రి ఏదో, ఏ వీధో ఆనవాళ్లు చెప్పాను. ఒక్కరు కూడా పేరు అడగలేదు. మా ప్రాంతం మనుషులు కదా, నేస్తం అంటే చాలు, తెలిసిపోయింది. నోటి మాటగా ఆ కబురు ఏరు దాటింది, కొండ ఎక్కింది. రెండు రాష్ట్రాలకి చెప్పాను నేను. ఆసుపత్రి గేటు దగ్గర కూర్చున్న సెక్యూరిటీ అతనికి చెప్పాలని మాత్రం తోచలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నా చెప్పుతో నేను కొట్టుకోవాలనిపిస్తుంది.

అతను మా వైపు మనిషి కాదు, పని కోసం ఎక్కడో దూరం నుంచి వచ్చినవాడు. లోపలికి వెళ్లాలంటే పేషెంటు పేరు చెప్పాలి, చీటీ రాయించుకోవాలి. అది అతని ఉద్యోగం, అతన్నేం అనను. మా వైపువాడైతే నేస్తం అన్న మాటకే గేటు తీసేవాడు.

మూడు రోజులు గడిచాయి. తలుపు చప్పుడైతే చాలు, అమ్మ తల తిప్పేది. నర్సు అని తెలిశాక కళ్లు మూసుకునేది. మొదటి రోజు, "కొండ దిగాలంటే పొద్దెక్కిపోద్ది కదా" అంది, నాకు సర్దిచెబుతున్నట్టు. రెండో రోజు, "మన మీద కోపమేమో" అంది. ఆ 'మన' అన్న మాట నాకు గుచ్చుకుంది.

"నీ మీద కాదమ్మా, నా మీద. ఆ రోజు పందిట్లో అన్నది నాను" అన్నాను. ఇరవై ఎనిమిదేళ్లకి ఆ మాట నోట్లోంచి వచ్చింది. ఏడుపొచ్చేసింది నాకు.

"నువ్వూ నానూ ఏరేటే?" అంది అమ్మ. నా చెయ్యి తన చేతిలోనే ఉంది, నొక్కడానికి బలం లేదు. మూడో రోజంతా తల తలుపు వైపే ఉంచుకుంది.

ఆ మూడు రోజులూ నేను మందులకి, టీకి, ఫోన్లకి కిందికీ పైకీ తిరుగుతూనే ఉన్నాను. లోపల సిగ్నల్ ఉండేది కాదు. గేటు పక్కన బళ్లు పెట్టుకునే రేకుల షెడ్డు ఉంది. రెండో రోజు అనుకుంటాను, షెడ్డు అంచున దారికి అడ్డంగా ఒక ముసలామె కాళ్లు చాపుకుని కూర్చుంది. వెలిసిపోయిన పాలిస్టరు చీర, నెత్తి మీంచి కళ్ల దాకా కప్పుకున్న తువ్వాలు, ఒళ్లో సంచి. ఎముకల గూడు. ఆసుపత్రుల దగ్గర ఇలాంటివాళ్లు ఉంటూనే ఉంటారు. నా చెవి దగ్గర ఫోను, అవతల పాతపట్నం కంట్రోలరు. "కబురు అందినాదో నేదో తెలీదు మేడం, ఇంకా ఎవులూ సెప్పనేదు" అంటున్నాడు. నాకు కోపం నషాళానికి అంటింది. ఆ కోపం ఎవరి మీదో ఒకరి మీద పడాలి కదా.

"దార్లో అడ్డంగా ఈ కూకోడమేటమ్మా? నెగు, పక్కకెల్లు!" అని అరిచాను.

ముసలామె తలెత్తి నన్ను చూసింది. ముక్కుకి ఏమీ లేదు. కాళ్లు ముడుచుకుని పక్కకి జరిగింది. ఏదో అడగబోయినట్టు నోరు కదిలింది. నేను అప్పటికే మెట్లెక్కేస్తున్నాను, ఫోనులో పిన్ని ఆనవాళ్లు మళ్లీ చెబుతున్నాను. ముక్కుకి మూడు పోగులుంటాయి, నుదుట పచ్చబొట్టుంటుంది, మనిషి పుష్టిగా ఉంటుంది, నెత్తి మీద ఎంత బరువైనా మోసేస్తుంది, చూస్తే ఇట్టే గుర్తుపట్టొచ్చు అని.

నాలుగో రోజు పొద్దున్న అమ్మ పోయింది. అన్న అంతకు గంట ముందే వచ్చాడు. అమ్మ అన్నని చూసింది, తర్వాత వాడి వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని చూసింది. అదే ఆఖరి చూపు.

బండి గేటు దగ్గరికి తెచ్చారు. స్ట్రెచరు ఎత్తుతుంటే గాలికి అమ్మ మొహం మీది గుడ్డ తొలిగింది. షెడ్డు దగ్గరి ముసలామె లేచింది. లేచి, రెండడుగులు వేసి, ఆగి, చూసి, సంచి అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. తువ్వాలు జారిపోయింది. నుదుట పచ్చబొట్టు.

"నేస్తం!" అంది.

గొంతు మారలేదు. మనిషంతా మారిపోయింది గానీ, సముద్రంతో తగువు పడ్డ గొంతు అది. ఆవిడ అమ్మ పాదాలు పట్టుకుని, పాదాల మీద మొహం పెట్టి, ఒకే మాట అంటోంది.

"మూడ్రోజుల నుంచి ఇక్కడే ఉందండీ" అన్నాడు సెక్యూరిటీ అతను. అతని మొహం పాలిపోయింది. "ఎవరికోసం అంటే నేస్తం అంటది. పేరు చెప్పు పంపిస్తానంటే నోరు విప్పదు. పేరు తెలీదేమో, మతి లేనిదేమో అనుకున్నాను. టీ ఇస్తే తాగింది."

నేను పిన్ని రెండు భుజాలూ పట్టుకుని కుదిపేశాను. నన్ను నేను కుదుపుకోలేక ఆవిణ్ని కుదిపాను. "మాయమ్మ పేరు సెప్పలేకపోయావా పిన్నీ? ఒక్క మాట! పైన ఆ కిటికీ లోపలే ఉంది, నీ కోసమే సూసింది! పేరు తెలీదేటి నీకు?"

"తెలవకేటి?" అంది పిన్ని. నా వైపు చూసిన చూపు, నేనేదో అనరాని మాట అన్నట్టుంది. కాసేపటికి నా బుగ్గ తడిమి, "నువ్వా గుంటా, మొన్న కోప్పడింది?" అంది. కోపంగా కాదు, గుర్తుపట్టినందుకు సంతోషపడుతున్నట్టే అంది. నాకు అక్కడే చచ్చిపోవాలనిపించింది.

పిన్ని మాతో పాటే బండెక్కింది. ముక్కుపోగులు ఎప్పుడో తీసేసిందట, ఊరు దిగిపోయాక అక్కడ ఎవరూ పెట్టుకోవడం లేదట. కబురు ఆవిడకి ఎవరో చీపుర్లమ్మే పిల్ల చెప్పిందట. విన్న గంటలో బయల్దేరిందట. పలాస దాటి ఉద్దానంలోకి వచ్చాక కిటికీలోంచి చూస్తూ, "సెట్లేవీ?" అని అడిగింది. తుఫాను సంగతి చెప్పాను. తలల్లేని కొబ్బరిమానులు అక్కడక్కడా ఇంకా నిలబడే ఉన్నాయి, కొత్తగా వేసినవి నడుం ఎత్తు కూడా లేవు. "మాకాడా సెట్లు నేవు" అంది. ఆ పైన దారంతా అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

మా ఊళ్లో ఆడవాళ్లం దింపుడు కళ్లం దాకా వెళ్తాం. ఇసకలో, సరుగుడు తోట పక్కన పాడె దించారు. పోయినవాళ్ల చెవిలో అయినవాళ్లు మూడుసార్లు పిలవాలి. ప్రాణం ఎక్కడైనా కొన ఊపిరిలో ఉంటే పిలుపు విని లేస్తారని ఆశ. అన్న వంగి, "అమ్మా, అమ్మా, అమ్మా" అన్నాడు. నేనూ అన్నాను. అమ్మ లేవలేదు.

"ఆ నేస్తాన్నీ పిలవనీండి" అన్నాడు మా కులపెద్ద. "ఓ అప్పా, పేరెట్టి పిలు. ఇప్పుడింక తప్పు నేదు. పేరైతేనే ఇనబడుద్ది."

పిన్ని ఇసకలో మోకాళ్ల మీద కూర్చుని, అమ్మ చెవి దగ్గరికి వంగింది.

"నేస్తం" అంది. ఆగింది. "నేస్తం." మళ్లీ ఆగింది. "నేస్తం."

"అలగ కాదమ్మా, పేరు, పేరెట్టి పిలవమంటన్నాను" అన్నాడు పెద్ద విసుగ్గా. అవతల పొద్దు పోతోందని ఆయన తొందర.

పిన్ని ఆయన వైపు తిరిగింది. చదువురాని మనిషికి కూడా తెలిసిన సంగతి ఇంత పెద్దమనిషికి తెలియకపోవడమేమిటన్నట్టు చూసింది.

"నేస్తం పేరు తీత్తే దాని ఆయుస్సు తగ్గిపోద్ది కదా బాబూ. అందుకే గదా మూడ్రోజులూ గేటు కాడ నోరు మూసుకు కూకున్నాను. నెగుద్దేమో అనే కదా ఇప్పుడు పిలవమంటన్నారు? మరి నెగిత్తే, అది బతకొద్దేటి?"

ఆవిడ మళ్లీ వంగి, ఇంకోసారి నేస్తం అని పిలిచి, అమ్మ మొహంలోకి చూస్తూ కూర్చుంది. మేమూ చూశాం. కాసేపయ్యాక మగవాళ్లు పాడె ఎత్తుకున్నారు.